బరువు తగ్గకపోతే భక్తి తగ్గినట్టా?

ప్రశ్న: వందనాలు అప్పా. మాది టెక్కలి దగ్గర, పుట్టిల్లు కవిటి వైపు. నాకు 38 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు సుగరు) 6.2 వచ్చింది. ఇంకా సుగరు కాదు గానీ వచ్చేలా ఉంది, బరువు తగ్గమన్నారు డాక్టరు గారు. మా సంఘం స్త్రీల కూడికలో ఒక అక్క అందరి ముందూ "దేహం పరిశుద్ధాత్మకు ఆలయం, దాన్నిలా పెంచుకుంటారా" అన్నారు. అందరూ దానియేలు ప్రవక్తలా శాకాహారంతో ఉండే 21 రోజుల దానియేలు ఉపవాసం పట్టారు. నేను సగంలోనే వదిలేశాను. తర్వాత వీడియోలు చూసి అన్నం పూర్తిగా మానేశాను. ప్రోటీను పొడి కూడా తెప్పించాను. మా అత్త "దేవుడిచ్చిన అన్నాన్ని వద్దంటే పాపం" అంటున్నారు. పగలంతా బాగానే ఉంటాను. రాత్రి అందరూ పడుకున్నాక జంతికల డబ్బా ముందేసుకుంటాను. తిన్నాక ఏడుస్తాను, క్షమించమని ప్రార్థన చేస్తాను. మర్నాడూ అదే. కవిటిలో మా నాన్న కిడ్నీ జబ్బుతోనే పోయారు. మా వారికి సుగరు, మాత్రలు వేసుకుంటూనే శుక్రవారం ఉపవాసం ఉంటారు. నేను చేస్తున్నది పాపమా? ఏం తినాలి? శుక్రవారం ఉపవాస కూడికకు నేను వెళ్లాలా వద్దా? మా పెద్దమ్మాయికి 14 ఏళ్లు, తనూ ఈ మధ్య "నాకూ ఉపవాసం" అని క్యారేజీ సగం తిరిగి తెస్తోంది.
— ఒక సోదరి, టెక్కలి

సమాధానం:

చెల్లీ, నువ్వు చివర రాసిన మాటతో మొదలుపెడతాను. నీ 74 కిలోల కంటే, నీ 6.2 కంటే నాకు అదే తొందర విషయం. నీ సుగరు సంగతి చక్కబెట్టుకోవడానికి నెలల వ్యవధి ఉంది. ఎదిగే పిల్ల తిండి మానేస్తే అంత వ్యవధి ఉండదు.

ఇవాళే ఆ పిల్లతో మాట్లాడు. బరువు ఊసెత్తకు. ఉపవాసం ఎందుకు ఉండాలనిపించిందో అడుగు, అడిగాక అది చెప్పేదాకా ఆగు. స్కూల్లో ఎవరైనా లావని వెక్కిరించారేమో. క్రిస్మస్ ఫొటోల్లో తనని తాను చూసుకుని బాధపడిందేమో. రాత్రి నువ్వు ఏడుస్తుంటే విందేమో. ఎదిగే వయసులో పిల్లలు ఉపవాసం ఉండనక్కర్లేదనీ, అమ్మ పట్టిన పద్ధతి కూడా సరైనది కాదనీ, ఇకమీదట డాక్టరు చెప్పినట్టు తింటాననీ నీ నోటితోనే చెప్పు. దాని ముందు నీ ఒంటిని నువ్వు తిట్టుకోవడం ఈ రోజుతో ఆపెయ్యి. నెలసరి ఆగిపోయినా, కళ్లు తిరుగుతున్నా, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి కక్కుకుంటున్నా, బరువు గబగబా పడిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు. ప్రార్థన చెయ్యి, చేయించు, అంతటితో ఊరుకోకు. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య సహాయ నంబరు ఒకటుంది: 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఆ నంబరు నీకు కూడా ఉపయోగపడుతుంది. అర్ధరాత్రి తింటూ ఏడ్చే మనిషికి ఎవరో ఒకరితో చెప్పుకోవడం అవసరం.

ఇక నీ ప్రశ్న. లావుగా ఉండడం పాపమా? కాదమ్మా. నర్సుగా పనిచేసినంత కాలం రకరకాల ఒళ్లు చూశాను. వంశం, థైరాయిడ్, కాన్పులు, చాలని నిద్ర, కొన్ని మందులు, రోజంతా ఒకేచోట చేసే ఉద్యోగం, కూరల ధర, ఇవన్నీ కలిసి మనిషి బరువవుతుంది. వీటిలో సగం మన చేతిలో లేనివే. తిండిపోతుతనాన్ని బైబిలు మందలించిన మాట నిజమే, సామెతల గ్రంథం 23వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. అక్కడ ఎవరి నడుము కొలతా లేదు. పైగా తిండిపోతు అన్న నింద యేసు ప్రభువు మీదే వేశారు. లూకా సువార్త 7వ అధ్యాయంలో ఉంది. సుంకరులతో, పాపులతో ఒకే బంతిలో కూర్చుని తిన్నందుకు ఆయనకు ఆ పేరు పెట్టారు.

తిండి విషయంలో పౌలు నిజంగా కోప్పడిన చోటు ఒకటుంది. కొరింథు సంఘం ప్రభు రాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో కూర్చుంటే ఇంకొకడు తిని, తాగి మత్తుగా ఉన్నాడు. అదీ ఆయన తప్పుపట్టింది. బక్కపల్చగా ఉన్నవాడు కూడా ఆ పాపం చేయగలడు. పక్కవాడి పళ్లెం ఖాళీగా ఉన్నా చూడకుండా తినేవాడు యాభై కిలోలున్నా తిండిపోతే. నీ ఉత్తరంలో నాకు అలాంటి మనిషి కనిపించలేదు. పగలంతా కడుపు మాడ్చుకుని రాత్రికి తట్టుకోలేకపోతున్న ఒక అమ్మ కనిపించింది.

ఆ అక్క చెప్పిన వచనం 1 కొరింథీయులకు 6:19. దాని ముందు వచనం కూడా చదువు. జారత్వానికి దూరంగా పారిపొమ్మని ఉంటుంది. దేహం వెలపెట్టి కొన్నది, దాన్ని వేశ్యతో కలపకండి అన్నది పౌలు వాదన. బరువు గురించి రాసిన అధ్యాయం కాదది. అయినా ఆ వచనాన్ని పక్కన పెట్టమనను. నీకు కావలసిన మాటే అందులో ఉంది. ప్రభువు ప్రాణం పెట్టి కొన్న దేహాన్ని నలుగురిలో చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు, అద్దం ముందు నిలబడి చిన్నబుచ్చుకునే హక్కు నీకూ లేదు. దాన్ని చూసుకునే బాధ్యత మాత్రం ఉంది. రక్త పరీక్ష చేయించుకోవడం, వేళకు తినడం, నడవడం, నిద్రపోవడం అన్నీ ఆ చూసుకోవడంలోకే వస్తాయి. మన జిల్లాలో సువార్త చెప్పిన కెనడా బాప్టిస్టు మిషనరీలు సోంపేటలో ఆసుపత్రి నడిపింది కూడా ఆ నమ్మకంతోనే. డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ ఎందరికో కంటి ఆపరేషన్లు చేశారు. దేహానికి చేసే సేవను ఆయన సువార్తకు తక్కువ పని అనుకోలేదు.

ఆ అక్కతో వీలు చూసుకుని విడిగా మాట్లాడు. "మీరు మంచి కోరే అన్నారు, కానీ అందరి ముందూ అనడంతో నాకు కష్టమైంది" అని చెప్పు. మన కూడికల్లో ఒంటి గురించిన మాటలు మరీ చనువుగా వచ్చేస్తాయి. "ఏటమ్మా, అలా చిక్కిపోయావు", "ఏటి, బాగా ఒళ్లు చేశావు" అనడం పలకరింపు కిందే చెల్లిపోతుంది. ఇది మానుకోవాలని నేను గట్టిగా అంటాను. రోమా పత్రిక 14వ అధ్యాయంలో "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు" అని రాసింది సంఘానికే గదా.

దానియేలు ఉపవాసం గురించి కూడా చెప్పాలి. అది సగంలో వదిలేశానని నువ్వు కుమిలిపోతున్నావు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో దానియేలు, అతని స్నేహితులు శాకధాన్యాలు, నీళ్లు అడిగింది పది రోజులకు. రాజు భోజనంతో తమను అపవిత్రం చేసుకోకూడదని అడిగారు. చిక్కిపోతారేమో, రాజు తన తల తీయిస్తాడేమో అని వాళ్లను చూసుకునే అధికారి భయపడ్డాడు. పది రోజులయ్యాక చూస్తే వాళ్లు మిగతా కుర్రాళ్ల కంటే కళగా, పుష్టిగా ఉన్నారు. సన్నబడాలని అక్కడ ఎవరూ అనుకోలేదు. పదో అధ్యాయంలోని మూడు వారాలు దానియేలు తన జనం కోసం దుఃఖపడిన రోజులు. కమ్మని తిండి, మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు. ఆ దుఃఖాన్ని తీసుకొచ్చి మనం బరువు తగ్గే ప్యాకేజీ చేసుకుంటే అటు ప్రార్థనా ఉండదు, ఇటు ఆరోగ్యమూ ఉండదు. 21 రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినవాళ్లు నలభై రోజుల్లో ఐదు కిలోలు పెరగడం నేను చాలామందిలో చూశాను. పెరిగాక వాళ్లు సంఘానికి రావడానికే సిగ్గుపడతారు. అదే నాకు బాధ.

అందరికీ ఒకే కొలత పెట్టకూడదని తొలి శతాబ్దాల సన్యాసులకే తెలుసు. ఐదో శతాబ్దంలో మఠాల జీవితం గురించి రాసిన యోహాను కాసియన్ కూడా ఈ మాటే అన్నాడు. అందరి ఒంటి బలం ఒకటి కాదు గనక ఉపవాసానికి అందరికీ ఒకే నియమం సాగదని చెప్పాడు. ఎడారిలో ఉపవాసాలతో బతికినవాళ్ల మధ్య ఉండి చెప్పిన మాట అది.

ఏలీయా కథ నీకు తెలిసిందే, ఈసారి తిండి కోసం చదువు. 1 రాజులు 19వ అధ్యాయం. అతను అలసిపోయి, నా ప్రాణం తీసుకో ప్రభువా అని చెట్టు కింద పడుకున్నాడు. దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి చూపించాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. యాయీరు కూతుర్ని బతికించిన ప్రభువు కూడా వెంటనే ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఆకలిని ఇంతగా గుర్తుపెట్టుకునే దేవుడికి నీ మీద నీ జంతికల లెక్క పట్టుకుని కూర్చునే కోపం ఉంటుందా?

ఆ జంతికల సంగతి చూద్దాం. పొద్దున్న కాఫీ తాగి బడికి వెళ్లి, మధ్యాహ్నం కీరా ముక్కలు, సాయంత్రం పొడి కలిపిన నీళ్లు తీసుకుంటే రాత్రి పదింటికి ఒళ్లు తిండి అడుగుతుంది. అడగాలి కూడా. అది ఒంటి ధర్మం. నువ్వు దాన్ని నీ ఆత్మీయ బలహీనత అనుకుని క్షమాపణ అడుగుతున్నావు. మర్నాడు ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా ఇంకా తక్కువ తింటున్నావు, దాంతో ఆ రాత్రి ఆకలి ఇంకా పెరుగుతోంది. ఈ చుట్టు తెగాలంటే పగలు తినాలి. పొద్దున్న ఎనిమిదింటిలోపు రెండు మూడు ఇడ్లీలు గానీ, కూరముక్కలు ఎక్కువేసిన ఉప్మా గానీ, ఒక పెసరట్టు గానీ తిను, వీలైతే ఒక గుడ్డు. సాయంత్రం బడి నుంచి రాగానే గుప్పెడు వేయించిన శనగలో, ఉడకబెట్టిన వేరుశనగలో, ఒక జామకాయో తిను. ఎనిమిదింటికల్లా రాత్రి భోజనం చెయ్యి. అప్పటికీ జంతిక తినాలనిపిస్తే పళ్లెంలో రెండు పెట్టుకుని, లైటు వేసుకుని, పిల్లల మధ్య కూర్చుని తిను. చాటుగా తినే తిండి ఎంత తిన్నామో తెలియదు. ఇదంతా చేశాక కూడా రాత్రి తిండి ఆపుకోలేకపోతుంటే అదీ వైద్యం ఉన్న జబ్బే, డాక్టరుకు దాచకుండా చెప్పు.

నీ అంకెల గురించి రెండు మాటలు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే సుగరుకు ముందు దశ అంటారు. 6.5 గానీ అంతకు పైన గానీ ఉంటే సుగరు. నువ్వు వెనక్కి రాగల చోటే ఉన్నావు. అమెరికాలో ఈ దశలో ఉన్నవాళ్ల మీద పెద్ద పరిశోధన ఒకటి జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. ఒంటి బరువులో నూటికి ఏడు వంతులు తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని గురి పెట్టారు. సుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నీ లెక్కలో ఏడు వంతులంటే ఐదు కిలోలు. ఇరవై కిలోలు ఎవరూ అడగడం లేదు. 2006లో వెలువడిన చెన్నై పరిశోధన నాకు ఇంకా నచ్చింది, మనలాంటి ఒళ్ల మీద చేసింది గనక. అక్కడ తిండి, నడక మార్చుకున్నవాళ్లలో సుగరు రావడం 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గనేలేదు. తూకం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతుందన్నమాట. రోజూ బరువు చూసుకుని నిన్ను నువ్వు శిక్షించుకోవడం మానెయ్యి. నెలకోసారి చూసుకో, చాలు. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. టేపుతో అదీ కొలిచి రాసిపెట్టుకో.

అన్నం మానెయ్యకు. మానేసినవాళ్లు కొన్నాళ్లకు అన్నం మీదే పడతారు. వడ్డించుకునే వరస మార్చు. ముందు పళ్లెంలో సగం కూర, ఆకుకూర పెట్టుకో. ఆనపకాయ, పొట్లకాయ, బీరకాయ, తోటకూర, బచ్చలి, ఏది దొరికితే అది. పావు వంతు పప్పో, చేపో, గుడ్డో, ఉలవచారో. మిగిలిన పావు వంతులో అన్నం, ఒక కప్పు, బాగా ఆకలైన రోజు ఒకటిన్నర. మనం చేసేది దీనికి తలకిందులు. అన్నం రాశిగా పోసి, నడుమ గుంట చేసి, అందులో రెండు గరిటెల కూర వేసుకుంటాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలు, ఆకుకూరలు ఉండాలంది, ధాన్యం 250 గ్రాములు. మన ఇళ్లలో లెక్క చూస్తే ఈ రెండూ తారుమారై ఉంటాయి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే చెంచాడు, దాటకూడదు. ఆవకాయ, ఎండు మెత్తళ్లు, అప్పడాలు ఒకే పూట పడితే అక్కడికే దాటిపోతుంది. మెత్తళ్లు మంచివే, బాగా కడిగి వారానికి ఒకటి రెండుసార్లు వండుకో. నూనె ఇంట్లో నలుగురికి నెలకు మూడు లీటర్లు దాటనివ్వకు. వీడియోలు చూసి కొబ్బరి నూనె గ్లాసులో పోసుకు తాగే పని మాత్రం అసలు పెట్టుకోకు.

చోళ్ల (రాగుల) గురించి ఒక భ్రమ ఉంది. వంద గ్రాముల చోళ్లలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. బియ్యంలో పది కూడా ఉండదు. అది నిజం. కానీ పిండి పదార్థం మాత్రం దాదాపు బియ్యమంతే. చోడి జావ సుగరు పెంచదనుకుని బెల్లం వేసి పెద్ద గ్లాసుడు తాగినవాళ్ల రిపోర్టులు నేను చూశాను. చిన్న గ్లాసు అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే మంచిదే. ఆ పూట అన్నం అంత తగ్గించుకోవాలి.

రాత్రి తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడువు. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో సుగరు అంత ఎత్తుకు వెళ్లదు. మీ అమ్మాయి వస్తానంటే వెంట తీసుకెళ్లు, బరువు కోసం అనకు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను, నీ పుట్టిల్లు ఉద్దానం. మీ నాన్నగారు కిడ్నీ జబ్బుతోనే పోయారని రాశావు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఈ జబ్బు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో నీకు నేను చెప్పాలా? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కాబట్టి ఆ ప్రోటీను పొడి డబ్బా మూత పెట్టెయ్యి. ముందు కిడ్నీల సంగతి తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించు. పుట్టింటి సంగతి డాక్టరుకు చెప్పు. కిడ్నీలు బాగున్నాయని తేలినా పొడులు అక్కర్లేదు, పప్పు, గుడ్డు, చేప, పెరుగు చాలు. పోషకాహార సంస్థ కూడా కండ కోసం ప్రోటీను పొడులు వాడొద్దనే చెప్పింది. కిడ్నీల్లో ఏ కొంచెం తేడా ఉన్నా తిండి లెక్క మొత్తం మారిపోతుంది, నేను పైన రాసిన పప్పూ ఆకుకూరలూ కూడా డాక్టరును అడిగే తినాలి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవడం మీ ఇంటిల్లిపాదీ మానెయ్యండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మీకు దగ్గరే. తోడబుట్టినవాళ్లుంటే వాళ్లనీ పరీక్ష చేయించుకోమను.

మీ అత్తగారి విషయంలో నాకు పెద్ద గొడవ కనిపించడం లేదు. అన్నానికి విలువ తెలిసిన తరం ఆవిడది. వద్దంటే ఆవిడకు అన్నాన్ని కాదన్నట్టు ఉంటుంది. "అత్తా, ఒక కప్పే పెట్టండి, కూర ఎక్కువేయండి" అని అడుగు. ఆవిడ చిన్నప్పుడు తిన్న గంటన్నం, ఉలవచారు, మునగాకు వేపుడు చేసి పెట్టమను. పళ్లెం ముందు కృతజ్ఞత ప్రార్థన ఆవిడ చేతే చేయించు. ఇంట్లో పెద్దావిడకు తన వంట అక్కరకొస్తోందని తెలిస్తే ఇక వాదన ఉండదు.

మీ వారి సంగతి అలా తేలిగ్గా వదలను. ఒక నెల మొదటి ఆదివారం మా చర్చిలో జరిగింది చెబుతాను. ప్రభు బల్ల తీసుకోవాలని ఒక పెద్దాయన ఏమీ తినకుండా వచ్చారు. సుగరు మాత్ర మాత్రం వేసుకునే వచ్చారు. ఆరాధన ఒంటిగంట దాటింది. ఆయన చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, ఏదో సంబంధం లేకుండా మాట్లాడుతున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆత్మ కార్యం అనుకుని తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. వంటగదిలోంచి పంచదార తెప్పించి, మూడు చెంచాలు నీళ్లలో కలిపి, ఆయనకు ఇంకా మింగే తెలివి ఉంది గనక మెల్లగా తాగించాం. పావుగంటకు మనిషి మనిషయ్యారు. ఇంకో అరగంట ఆలస్యమైతే స్పృహ తప్పేవారు.

మీ వారి మాత్రల చీటీ తీసి చూడు. గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ ఉంటే ఖాళీ కడుపు మీద సుగరు ప్రమాదంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే పస్తులున్నప్పుడు రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ముప్పుంది. ఇన్సులిన్ అయితే చెప్పనే అక్కర్లేదు. డాక్టరుతో మాట్లాడకుండా ఇంకో శుక్రవారం ఉపవాసం ఉండనివ్వకు. మాత్ర మానేసి ఉపవాసం ఉంటానంటారేమో, అదీ సొంతంగా చేయకూడదు. భక్తి తక్కువై ఆపుతున్నావనుకుంటే ఒక మాట గుర్తుచెయ్యి. తరచుగా జబ్బుపడే తిమోతికి కడుపు కోసం ఏం పుచ్చుకోవాలో పౌలు ఉత్తరంలో రాసి పంపాడు, జబ్బుతోనే ఉపవాసం ఉండమనలేదు.

ఇక శుక్రవారం కూడిక. వెళ్లు. ప్రార్థన నీకు కావాలి, పదిమంది ఆడవాళ్ల తోడు కూడా కావాలి. పొద్దున్న తినే వెళ్లు. ఉపవాసం ఉండాలని మనసుకు మరీ అనిపిస్తే, రిపోర్టులు బాగుండి డాక్టరు సరేనన్నాక ఒక పూట ఉండు. బరువు తగ్గుతుందేమో అన్న ఆశ ఆ పూటకు కలపకు. ఉపవాసాన్ని ముఖం మీద కనబడనివ్వొద్దని, తల అంటుకుని ముఖం కడుక్కోమని ప్రభువు మత్తయి 6వ అధ్యాయంలో చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో "ఇవాళ నాది ఏడో రోజు" అని పెట్టుకోవడం ఆ మాటకు సరిపడదు. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవాడికి నీ అన్నం పంచిపెట్టడం. నువ్వు మానేసిన పూట బియ్యం, కూరల డబ్బు ఆ వారమే డయాలసిస్‌కు తిరిగే ఒక ఇంటికి అందేలా చూస్తే అదే ఆ ఉపవాసం. తిండి మానలేనివాళ్లు ఆ రోజు ఫోను మానొచ్చు, ఆ డైటు వీడియోలతో సహా.

ఇంకో పని కూడా నీకే అప్పజెబుతున్నాను. పాస్టరమ్మ గారిని కలిసి, ఉపవాస కూడిక ప్రకటించే ప్రతిసారీ ఒక మాట పైకి చదివించమని అడుగు: సుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తిని రావాలి, వాళ్ల ప్రార్థనకు ఏ లోటూ లేదు అని. చాలామంది సిగ్గుపడి చెప్పుకోలేక పస్తులుంటున్నారు. పైనుంచి ఆ మాట వినబడితే వాళ్లు తిని వస్తారు. మొదటి ఆదివారాల్లో చర్చి వంటగదిలో పంచదార డబ్బా, నాలుగు అరటిపళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు ఉంచమని సంఘ పెద్దలతో చెప్పించు. పాస్టరు గారు మొహమాటపడితే ఈ జవాబే ఆయనకు చూపించు.